నేల కింది వీధులు: ఒక నగర ఐతిహ్యంపై విమర్శ

తెలుగులో జానపద వాఙ్మయ పరిశోధన బిరుదురాజు రామరాజుగారి నాటి నుంచి చాలా దూరం వచ్చింది. పల్లెపదాలు, సామెతలు, పొడుపుకథలు, వీరగాథలు సేకరించినవారున్నారు, వర్గీకరించినవారున్నారు. నగరవాసి నోట పుట్టి నగరవాసి చెవిలో పెరిగే కథల జోలికి వెళ్ళినవారు మాత్రం తక్కువ. "ఈ నగరం కింద మరో నగరం ఉంది" అనే ఐతిహ్యం అటువంటి కథల్లో ఒకటి. పూడిపోయిన వీధి, మరచిపోయిన రైలుదారి, రాజు తప్పించుకుపోయిన సొరంగం, వీటిలో ఏదో ఒకటి వినిపించని పెద్ద నగరం ఉండదు. ఆదివారం అనుబంధాలు దీన్ని వింతగా అచ్చువేస్తాయి. చరిత్రకారులు పుక్కిటి పురాణమని తోసివేస్తారు. ఇద్దరూ కథను కథగా చదవరు. అది దేన్ని నిలుపుతున్నది, దేన్ని జారవిడుస్తున్నది అన్న ప్రశ్నను ఇక్కడ పరిశీలించదలచాము.

ముందుగా మాటను చూద్దాం. 'సొరంగం' సంస్కృతంలోని 'సురుంగా' నుంచి వచ్చింది. అర్థశాస్త్రంలోనూ మహాభారతంలోనూ ఈ పదం కనిపిస్తుంది. గొట్టం, పిల్లనగ్రోవి అనే అర్థాలున్న గ్రీకు పదం 'సిరింక్స్' దీనికి మూలమని పలువురు భాషావేత్తల అభిప్రాయం. ఆ లెక్కన ఆసుపత్రిలోని సిరంజీ, కోటలోని సొరంగమూ దూరపు చుట్టాలే. మాట సముద్రాలు దాటి వచ్చినా, దాని చుట్టూ అల్లుకున్న కథ మనకు అతి పాతది. లక్క ఇంటి ఘట్టం తెలియని తెలుగువాడు లేడు. అందులో ఒక విశేషం గమనార్హం. విదురుడు పంపగా వచ్చి సొరంగం తవ్వినవాడిని భారతం మరచిపోలేదు. అతనికి వ్యక్తినామం లేకపోయినా 'ఖనకుడు' అనే వృత్తినామం ఉంది. అతను ధర్మరాజుతో మాట్లాడతాడు. ఇంటి నడుమ తవ్వి, తలుపు అమర్చి, నేలతో సమంగా మూసి, పరులకు తెలియకుండా పని ముగిస్తాడు. తప్పించుకున్నవారితోపాటు తవ్వినవాడు కూడా కథలో ఒక పాత్ర.

తరువాతి ఐతిహ్యాల్లో ఈ పాత్ర కనిపించదు. చార్మినారు నుంచి గోలకొండకు సొరంగం ఉందన్న కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1591లో కట్టిన చార్మినారు మూసీకి దక్షిణాన ఉంది, గోలకొండ ఉత్తరపు ఒడ్డున ఉంది. రెంటి మధ్య దూరం దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. సొరంగం ఉంటే అది నది కింద నుంచి పోవాలి. నదిని పైనుంచి దాటడానికి 1578లోనే పురానాపూల్ కట్టవలసి వచ్చింది. కింద నుంచి దాటడం అంతకంటె ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. కానీ ఈ కథ చెప్పేవారి నోట నీటి ఊట గురించిగాని, గాలి గురించిగాని, తవ్విన మట్టి ఎక్కడ పోశారన్న దాని గురించిగాని ఒక్క మాట రాదు. రాజు ఉంటాడు, గుర్రం ఉంటుంది, ఒక్కొక్కప్పుడు నిధి కూడా ఉంటుంది. పని మాత్రం ఉండదు. ఇది ఈ కథాజాతి మొదటి లక్షణం.

రైలు వచ్చాక ఈ కథలో రాజు స్థానాన్ని రైలు ఆక్రమించింది. న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతంలో, నేటి అట్లాంటిక్ అవెన్యూ కింద, 1844లో ఒక రైలు సొరంగం కట్టారు. నిటారుగా ఉన్న దారిని, వీధిలోని రద్దీని తప్పించడం దాని ఉద్దేశం. 1861లో దాని రెండు కొసలనూ మూసివేశారు. ఆ పైన కథలు మొదలయ్యాయి. అందులో దొంగలు దాగారన్నారు, దొంగసారా కాచారన్నారు, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ గూఢచారులు బాంబులు తయారుచేస్తున్నారన్నారు. చివరకు అటువంటి సొరంగమే లేదన్నవారూ ఉన్నారు. 1980లో బాబ్ డైమండ్ అనే యువకుడు రేడియోలో విన్న ఒక ప్రస్తావన పట్టుకొని పాత పటాలు వెతికాడు. వీధి మధ్యనున్న మ్యాన్‌హోలులో దిగి, మట్టి నిండిన ఇరుకుదారిలో పాక్కుంటూ వెళ్ళి, అడ్డుగోడను పగలగొట్టాడు. దాదాపు అర కిలోమీటరు పొడవున సొరంగం చెక్కుచెదరకుండా ఉంది. 2010 వరకు అతనే సందర్శకులను తీసుకువెళ్ళి చూపాడు.

ఇక్కడ ఐతిహ్యం నెగ్గిందని సంతోషించవచ్చు. సొరంగం లేదన్నవారికంటె పుకార్లు చెప్పినవారే సత్యానికి దగ్గరగా ఉన్నారు. కానీ ఆ తరువాతి సంగతి ఇంకా ఆసక్తికరం. సొరంగం దొరికినా కథ ఆగలేదు. చివరనున్న గోడ వెనుక పాత ఆవిరి ఇంజను పూడి ఉందన్న కథ నిలిచింది. 2021లో మరణించేవరకు డైమండ్ దాన్ని నమ్మాడు. ఆ గోడ వెనుక తవ్వకం జరగలేదు. ఒక గోడ పగిలితే మరొక గోడ వెనక్కి జరగడం ఈ కథాజాతి రెండవ లక్షణం.

అదే నగరంలో మరొక ఉదాహరణ ఉంది. 1870లో ఆల్ఫ్రెడ్ బీచ్ బ్రాడ్‌వే వీధి కింద గాలి ఒత్తిడితో నడిచే రైలును చూపించాడు. పొడవు కేవలం 312 అడుగులు, ఒక వీధి మలుపు నుంచి తరువాతి మలుపు వరకే. టపా గొట్టాల పేరిట అనుమతి తీసుకొని మనుషులు ఎక్కే బండిని నడిపాడు. 1873 నాటికి అది మూతపడింది. 1912లో కొత్త భూగర్భ రైలుమార్గం తవ్వుతున్న పనివారికి ఆ పాత సొరంగం తగిలింది, కొత్త నిర్మాణంలో కలిసిపోయింది. అయినా పియానో, నీటిబుగ్గ ఉన్న నిరీక్షణశాల ఇప్పటికీ నేల కింద అలాగే ఉందని చెప్పేవారున్నారు. పూర్తిగా చూపించి, వివరంగా ప్రకటించి, మూసి, తవ్వి తీసివేసిన వస్తువుకు కూడా కథలో ముగింపు లేదు. 'మూసివేశారు' అన్న మాటను ఐతిహ్యం ఒప్పుకుంటుంది, 'పోయింది' అన్న మాటను ఒప్పుకోదు.

వీధి కథకు లండనులో మంచి సాక్ష్యం ఉంది. 1887లో చేరింగ్ క్రాస్ రోడ్డు వేసినప్పుడు లిటిల్ కాంప్టన్ స్ట్రీట్ అనే చిన్న వీధిని అది మధ్యగా చీల్చుకుంటూ పోయింది. ఇప్పుడు ఆ రోడ్డు నడుమనున్న ఇనుప ఊచల జాలీలోంచి కిందికి చూస్తే, చీకట్లో గోడమీద ఆ పాత వీధిపేరు కనిపిస్తుంది. దాన్ని చూసినవారు పాత వీధి, అంగళ్ళతో సహా, రోడ్డు కింద పూడి ఉందంటారు. నిజానికి అక్కడున్నది గొట్టాలకు, తీగలకు వేసిన సేవామార్గం. పాత వీధి ఎప్పుడూ అంత లోతున లేదు, నేలమీదే ఉండేది. కింద మిగిలినది పేరు మాత్రమే. భాషాశాస్త్రం చదివినవారికి ఈ పొరపాటు ఎంతో ముచ్చటగా కనిపిస్తుంది. పేరు ఉన్నచోట వస్తువు కూడా ఉండితీరాలని మనసు పట్టుబడుతుంది. శబ్దం తన అర్థం కంటె ఎక్కువకాలం బతకగలదన్న సంగతి దానికి రుచించదు.

మన ముంబయికి వద్దాం. 2016లో మలబార్ హిల్ మీది గవర్నరు నివాస ప్రాంగణంలో సొరంగం ఉందని పాతవారు చెప్పిన మాట అప్పటి గవర్నరు చెన్నమనేని విద్యాసాగరరావుగారి చెవిన పడింది. ఆయన కరీంనగర్ ప్రాంతపు తెలుగువారు. ఆ మాటను కొట్టిపారేయక గోడ తెరిపించారు. దొరికింది సొరంగం కాదు, సుమారు 150 మీటర్ల పొడవున 13 గదులున్న బ్రిటిషు కాలపు భూగృహం. గదుల మీద గుళ్ళ నిల్వ, తూటాల నిల్వ, పనిశాల అని తెలిపే పేర్లు ఉన్నాయి. 2019లో అది ప్రదర్శనశాల అయింది. పాతవారి మాటలో స్థలం సరిగ్గా ఉంది, మూసి ఉన్న గోడ సరిగ్గా ఉంది, వస్తువు మారిపోయింది. తప్పించుకుపోయే దారిగా చెప్పుకొన్నది ఆయుధాగారమని తేలింది. ఐతిహ్యం చోటును గుర్తుపెట్టుకుంటుంది, ప్రయోజనాన్ని మరచిపోతుంది. ఈ తీర్పు బ్రూక్లిన్‌కూ చక్కగా సరిపోతుంది.

కనుక ఈ కథలు అబద్ధాలన్నది మా ఆక్షేపణ కాదు. కొన్నిసార్లు కచేరీ కాగితాల కంటె అవే నమ్మదగినవని పై ఉదాహరణలే చెబుతున్నాయి. మా ఆక్షేపణ కథనం మీద. ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు, ఎందుకు మూశారు అన్న మూడు ప్రశ్నలకు ఈ కథలు జవాబు చెప్పవు, శ్రోత అడగకుండా చూసుకుంటాయి. రహస్యం ఆ ఖాళీలను కప్పే దుప్పటి. బ్రూక్లిన్ సొరంగం కోసం చెమటోడ్చిన ఐర్లండు కూలీల కంటె ఎవరూ చూడని ఇంజనుకే కథలో ఎక్కువ చోటు దక్కింది. భారతకథ ఖనకుడికిచ్చిన ఆ కాస్త చోటును కూడా నగర ఐతిహ్యం ఇవ్వలేకపోవడం దాని సాహిత్య లోపమని మేము భావిస్తాము.

ఈ లోపం మన పాఠకులకు పరాయిది కాదు. తెలుగునేలకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన మనవారిలో తవ్వినవారు, కట్టినవారు, మోసినవారు చాలామంది. ముంబయిలోని కామాఠీపురాకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి వెళ్ళిన కామాటి పనివారి వల్ల వచ్చింది. నేడు ఆ పేరు వినగానే దేశానికి మరేవేవో గుర్తుకు వస్తాయి, ఆ పనివారి భాష ఏదన్న ప్రశ్న మాత్రం రాదు. లండను జాలీ కింది వీధిపేరుకూ దీనికీ పోలిక స్పష్టం. పలక ఉంది, పలకలోని మనుషులు వినిపించడం లేదు. పేటను కూల్చి కొత్తగా కట్టే ప్రణాళికలు ముందుకు వచ్చిన ఈ రోజుల్లో ఆ పలకకు కూడా ఎంత ఆయుష్షు ఉందో ఆలోచించవలసిందే. అలాగే చెరువులు, బావులు తవ్వి, రాయి కొట్టి బతికిన వడ్డెరలు కర్ణాటకలోనూ తమిళనాడులోనూ భోవి, ఒట్టర్, బోయర్ వంటి పేర్లతో ఉన్నారు. వారిలో ఎన్నో ఇళ్ళలో ఇంకా తెలుగే మాట్లాడతారు. 19వ శతాబ్దపు రైలుకట్టల మట్టిపనుల్లో వారి పాత్రను చరిత్రకారులు నమోదు చేశారు. సొరంగం కథ చెప్పే ఊళ్ళలో ఆ ఖనకుల మనుమలు ఉన్నారు. కథ వారిని అడగదు, మనమూ అడగలేదు.

సేకర్తలు చేయవలసిన పని దీన్నిబట్టే తెలుస్తుంది. షోలాపూరులో, బరంపురంలో, మధురలో, యానాంలో నేల కింద దారి ఉందని ఎవరైనా చెబితే, నవ్వకుండా, నమ్మకుండా, చెప్పినవారి మాటల్లోనే రాసుకోవాలి. రాజుపేరు రాసుకున్నాక ఆగిపోకూడదు. నీరు ఎలా తోడేవారట, మట్టి ఎక్కడ పోశారట, రాతిని ఏ పనిముట్టుతో పగలగొట్టేవారట, దానికి మీ ఇంట్లో ఏ పేరు అని అడగాలి. ఆ పనిముట్ల పేర్లు, కొలతల పేర్లు, రాతిరకాల పేర్లు నిఘంటువులకెక్కనివి ఆ ఇళ్ళలో ఉంటాయి. సొరంగం దొరకవచ్చు, దొరకకపోవచ్చు. తవ్వినవారి భాష మాత్రం ఆ ప్రశ్నలకు తప్పక దొరుకుతుంది. అది మాట్లాడే పెద్దలు ఉన్నంతవరకే ఆ అవకాశం.