ఏడు ఎనిమిదులు, ఎనిమిది ఏడులు

మనలో చాలామంది చేతపట్టిన మొట్టమొదటి గణిత గ్రంథం సన్నని ఎక్కాల పుస్తకమే. గ్రంథమన్నాక దానికీ ఒక విమర్శ ఉండాలి కదా!

ముందుగా దాని గొప్ప చెప్పుకోవాలి. పెద్ద గుణకారం చేస్తూ ప్రతి మెట్టు దగ్గరా వేళ్ళు లెక్కపెట్టుకునే పిల్లవాడు అసలు లెక్క ఎక్కడుందో మరచిపోతాడు. కాబట్టి ఎక్కాలు కంఠస్థం చేయడమే దండగ అనేవారి మాట సరికాదు. లోపం కంఠస్థంలో లేదు, పుస్తకం కూర్పులో ఉంది.

ఏడో ఎక్కం తెరవండి. ‘ఏడు మూళ్ళు’ అంటే మాట ప్రకారం మూడును ఏడుసార్లు తీసుకోవడం. కానీ జవాబులు 7, 14, 21 అంటూ ఏడేసి పెరుగుతాయి. అంటే పిల్లలు కూడుతున్నది ఏడును, మూడుసార్లు! నోరు ఒకటి చెబుతుంటే లెక్క ఇంకొకటి చేస్తోంది. అయినా రెండూ 21 దగ్గరే కలుస్తాయి. ఎందుకు? గుణకారంలోని అందమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఎక్కాల పుస్తకం మాత్రం దాని జోలికి పోదు. ‘ఏడు ఎనిమిదులు’ ఒక పేజీలో, ‘ఎనిమిది ఏడులు’ మరో పేజీలో, ఒకదానికొకటి ముఖపరిచయం లేనట్టు ఉంటాయి. మధ్యలో ఆపి అడిగితే విద్యార్థి ‘ఏడొకట్ల ఏడు’ నుంచి పరుగెత్తుకు రావలసిందే.

దీని నష్టం సూరత్‌లోని తెలుగు పిల్లలకు మరింత తెలుస్తుంది. తెలంగాణ నుంచి వెళ్ళిన నేత కుటుంబాలు అక్కడ లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమమూ ఉంది. బడిలో ‘యాభై ఆరు’ వీధిలోకి రాగానే ‘ఛప్పన్’ అవుతుంది. ‘నలభై తొమ్మిది’ గుజరాతీలో ‘ఓగణ్‌పచాస్’, అంటే యాభైకి ఒకటి తక్కువ. ఎక్కాన్ని పాటగా మాత్రమే నేర్చిన పిల్లవాడు అక్కడ రెండో పాట మొదటినుంచీ నేర్చుకోవాలి. లెక్క తెలిసినవాడికి పేర్లు నేర్చుకుంటే చాలు.

అదే సూరత్‌కు నైరుతిగా డుమస్ సముద్రతీరం ఉంది. నల్ల ఇసుకకు పేరు. విహారానికి వెళ్ళిన పిల్లలు ఆ తడి ఇసుకలో వేలితో 7 వరుసలు, వరుసకు 8 గుంటలు పెట్టాలి. తర్వాత లేచి పక్కవైపుకు వెళ్ళి నిలబడాలి. ఇప్పుడు కనిపించేవి 8 వరుసలు, వరుసకు 7 గుంటలు. ఒక్క గుంట పెరగలేదు, తరగలేదు. ఇంతకన్నా మంచి నిరూపణ కాలేజీ పుస్తకంలో వెతికినా దొరకదు.

ఇది తెలిస్తే బరువు ఎంత తగ్గుతుందో చూడండి. పది ఎక్కాలకు 100 వరుసలు. జంటలను ఒకటిగా లెక్కిస్తే 55. ఒకటి, పది ఎక్కాలను తీసేస్తే 36. రెండు, అయిదు ఎక్కాలు ఎలాగూ సులువే. అవీ పోతే మిగిలేవి 21! చైనావారి పాత ‘తొమ్మిది తొమ్మిదుల’ పట్టికలో జంటకు ఒకే వరుస, మొత్తం 45 మాత్రమే. హునాన్ రాష్ట్రంలోని లియేలో 2002లో బయటపడిన చిన్ వంశకాలపు చెక్క పలకపై అలాంటి పట్టిక ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటే వారు ఆదా చేసిన శ్రమను మనం ఇప్పటికీ పిల్లల నెత్తిన పెడుతున్నాం.

మన పుస్తకం వేసేవారు అట్ట వెనుక పది గళ్ళు అడ్డంగా, పది గళ్ళు నిలువుగా ఒక పట్టిక వేస్తే చాలు. కర్ణానికి ఇటూ అటూ అవే అంకెలు ఉన్నాయని పిల్లలే కనిపెడతారు. ఏడు నాలుగ్ల 28ని రెట్టిస్తే ఏడు ఎనిమిదులు వస్తాయనీ చూస్తారు.

ఏడు ఎనిమిదులకు సూరత్‌లో ఇంకో చిరునామా ఉంది. అక్కడి కార్ఖానాల్లో సానపట్టే గుండ్రటి ‘బ్రిలియంట్’ వజ్రానికి సాధారణంగా 57 ముఖాలు. పైనున్న పెద్ద ముఖాన్ని వదిలేస్తే మిగతావి 8, 8, 16, 16, 8గా అమరి ఉంటాయి. కూడి చూడండి.