మందుకెంత తీపి?

ఈ వారం నన్ను చిరాకుపెట్టింది ఒక ఆకు బొమ్మ. అక్కయ్యకి ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు ప్రొటీన్ పొడి రాశారు. ఆవిడకి షుగరు. మందుల షాపు కుర్రాడు రెండు డబ్బాలు బల్ల మీద పెట్టి, "ఇది మామూలుది మేడమ్. ఇది నేచురల్, ఆకుతో చేసింది" అన్నాడు. ఆకు బొమ్మ ఉన్నదాని ధర బాగా ఎక్కువ. వెనక ఉన్న సన్నటి అక్షరాలు కూడబలుక్కుని చదివితే తేలింది: ఒకదాంట్లో వేసిన తీపి నంబరు 955, రెండోదాంట్లో 960. మొదటిది సుక్రలోజ్, రెండోది స్టీవియా. తక్కిన సరుకంతా దాదాపు ఒకటే.

నా చెయ్యి ఎటు వెళ్లిందో ఈ కాలమ్ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. బెల్లం కాఫీ మీద నేను రాసిన రాతలకి మీరు పెట్టిన చీవాట్లు ఇంకా గుర్తే. ఫ్యాక్టరీ తీపి కంటే చేలో పుట్టిన తీపి మేలన్నది నా పాత పాట. ఆ పాట నాకు నేర్పింది అమ్మమ్మ చేసే కాయం.

అనకాపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఎవరింట పురుడు వచ్చినా కాయం ఆవిడ చేతి మీదుగానే జరగాలి. శొంఠి, పిప్పళ్లు, మోడి, మిరియాలు, వాము నేతిలో దోరగా వేయించి, రోట్లో దంచి, పల్చటి బట్టలో జల్లించేది. ఆ ఘాటుకి వీధి వసారాలో కూర్చున్నవాళ్లు కూడా తుమ్మేవాళ్లు. నల్లగా మెత్తబడిన పాత బెల్లం ఇత్తడి గిన్నెలో కరిగించి, మడ్డి వడగట్టి, తీగపాకం రాగానే పొడి పోసేది. నువ్వులనూనె, నెయ్యి కొంచెం కొంచెంగా వేస్తూ ముద్ద గిన్నె అంచు విడిచేదాకా కలిపేది. బాలింతకి పొద్దున్నే పరగడుపున ఉసిరికాయంత ఉండ, అంతే. "ఇంకాస్త బెల్లం వెయ్యవే అమ్మా, నోరు మండిపోతోంది" అని మా పిన్ని గునిస్తే, "తియ్యగా చేస్తే గిన్నె ఖాళీ చేస్తావు. మందు మందులా ఉండాలి" అనేది. మేం పిల్లలం దొంగచాటుగా నోట్లో వేసుకుంటే కళ్లమ్మట నీళ్లు కారేవి. రెండోసారి ఆ గిన్నె జోలికి వెళ్లేవాళ్లం కాదు.

ఆ బెల్లం చేసిన పని ఘాటుని గొంతు దింపడం, పొడిని ఉండ కట్టించడం, కొన్నాళ్లు నిలవ ఉంచడం. రుచి కోసం వేసింది కాదు.

ఇంతకీ డబ్బా మీది ఆకు సంగతి. స్టీవియా పరాగ్వే మొక్క. అక్కడి గ్వారనీ జనం దాని ఆకులు తీపికి వాడేవాళ్లు. మన డబ్బాలోకి వచ్చేది ఆ ఆకు కాదు. ఆకుల్ని నీళ్లలో నానబెట్టి, ఆ కషాయాన్ని రెజిన్ల మీదుగా పంపి, ఆల్కహాల్‌తో కడిగి, స్ఫటికాలు కట్టించిన తెల్లటి పొడి. ఆకు నుంచి అక్కడిదాకా వచ్చేసరికి అదీ ఫ్యాక్టరీ సరుకే. సుక్రలోజ్ అయితే పంచదార అణువులో మూడుచోట్ల క్లోరిన్ ఎక్కించి చేస్తారు. తీపి పంచదారకి 600 రెట్లు. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడానికని ఇలాంటి తీపులు వాడొద్దని సూచించింది. ఆ జాబితాలో సుక్రలోజ్, ఆస్పర్టేమ్, శాకరిన్‌ల సరసనే స్టీవియా కూడా ఉంది. షుగరు ఉన్నవాళ్లకి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది.

పోనీ బెల్లం వేసిన పొడి కొందామా? బజార్లో తళతళలాడే పచ్చటి బెల్లానికి చాలావరకు ఆ రంగు హైడ్రోస్ అనే రసాయనం కలిపితే వచ్చినదే. అది కలపని నల్లబెల్లమైనా అందులో ఎక్కువ భాగం సుక్రోజే. అక్కయ్య ఒంట్లోకి వెళ్లాక పంచదార చేసే పనే అదీ చేస్తుంది. ఆవిడ వరకు నా ప్రియమైన బెల్లం కంటే ఆ 955 నయం. బెల్లం పిచ్చిదాన్ని, నేనే ఈ మాట రాస్తున్నాను.

ఆకు డబ్బా తెచ్చి కలిపి ఇచ్చాను. అక్కయ్య ఒక గుక్క తాగి, "ఏమే, ఇది మందా, పాయసమా? గ్లాసు దించి ఇంతసేపైనా అతిమధురం నమిలినట్టు నాలిక మీద తీపి వదలట్లేదు" అంది. ప్రొటీన్ పొడికి పచ్చివాసన, బి విటమిన్లకి చేదు, ఐరన్‌కి ఇనుప రుచి ఉంటాయి, నిజమే. అవి కప్పడానికి చిటికెడు తీపి చాలు. ఇప్పుడు చాక్లెట్, మామిడి, జెల్లీ బిళ్లలంటూ మందునే మిఠాయి చేసేశారు. మిఠాయికి మోతాదు ఎవరు చూస్తారు? ఐరన్ మాత్రలు మిఠాయనుకుని ఎక్కువ మింగేసి పసిపిల్లల ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యులకి కొత్త కాదు.

అందుకని నా తీర్పు ఇది. ఆకు బొమ్మకి అదనంగా రూపాయి కూడా ఇవ్వకండి. ఏ రుచీ, ఏ తీపీ కలపని పొడి ఉందా అని అడగండి. ఉంటుంది, షాపువాడు పై అరలోంచి తీయాలంతే. పల్చటి మజ్జిగలో ఉప్పు, జీలకర్ర పొడితో కలిపితే దిగుతుంది. దొరక్కపోతే డాక్టరుగారిని అడిగి, చౌకదే తీసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తియ్యటి మందులన్నీ బీరువాలో పెట్టి తాళం వేయండి.