ఫోటో తియ్యటం, ఫోటో దిగటం: పది రోజుల ఐరోపా గురించి

మన యాత్రా సాహిత్యానికి ఒక కొలబద్ద ఉంది. ఎక్కువ రోజులు తిరిగినవాడు పెద్ద యాత్రికుడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. పల్లకీ మోసే బోయీలు, వండిపెట్టేవాళ్ళు, పెద్ద పరివారం. ఆ కాశీయాత్ర చరిత్ర విలువని తగ్గించటం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పదిహేను నెలల తీరిక వెనక ఎంతమంది భుజాలున్నాయో లెక్క చూడకుండా, అదే కొలబద్ద పట్టుకుని ఇవాళ పది రోజుల్లో ఐరోపా చూసొచ్చిన ఆడవాళ్ళ ఫోటోల్నీ, రాతల్నీ కొలుస్తున్నాం. "బస్సు దిగారు, ఫోటో దిగారు, బస్సెక్కారు. ఇదీ ఒక చూడటమేనా?" అని నవ్వుతున్నాం. ఆ నవ్వులో సాహిత్యకారులు కూడా ఉన్నారు కాబట్టి దీన్ని విమర్శకి సంబంధించిన విషయంగానే తీసుకుంటున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో ఫోటోకి రెండు క్రియలున్నాయి. ఒకరు ఫోటో తీస్తారు, ఇంకొకరు ఫోటో దిగుతారు. ఇంత చక్కటి విభజన చాలా భాషల్లో లేదు. తియ్యటం పని, దిగటం ఒప్పుకోలు. మన కుటుంబాల ఆల్బమ్‌లు తిరగేస్తే ఈ రెండు క్రియలూ స్త్రీపురుషుల మధ్య ఎలా పంపకమయ్యాయో వేరే సిద్ధాంతం అక్కర్లేకుండానే తెలుస్తుంది. నాన్న తీస్తాడు, అమ్మ దిగుతుంది. అందుకే చాలా ఆల్బమ్‌లలో నాన్న తక్కువ కనిపిస్తాడు, కానీ ప్రతి ఫోటోలోనూ ఆయన చూపే ఉంటుంది. అమ్మ ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. ఆమె ఏం చూసిందో మాత్రం ఒక్క పేజీలోనూ ఉండదు. పురుషుడు చూసేవాడుగా, స్త్రీ చూడబడేదిగా సినిమా ఎలా ఏర్పాటు చేసిందో లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం మనలో చాలామంది చదివాం, పాఠంగా చెప్పాం. కానీ మన బీరువాలో ఉన్న ఆల్బమ్‌ని ఆ చూపుతో చదివే పని ఇంకా మిగిలే ఉంది.

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు నుంచి ఐరోపా వెళ్తున్న నడివయసు ఆడవాళ్ళలో చాలామంది యాత్రికులుగా బయల్దేరరు. కూతురికో కోడలికో కానుపు చెయ్యటానికి వెళ్తారు. కారప్పొడి, ఊరగాయ, వామ్ము, శొంఠి కట్టుకుని వెళ్తారు. షెంగెన్ వీసా నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులకు మించి ఉండనివ్వదు. ఆ తొంభైలో ఎనభై పైన వంటగదిలో, పసిబిడ్డ ఉయ్యాల దగ్గర గడుస్తాయి. మిగిలిన వాటిలోంచి ఒక శనాదివారాలు పారిస్‌కి, ఇంకో రెండు రోజులు ఆమ్‌స్టర్‌డామ్‌కి. టూరు కంపెనీ బస్సులో వెళ్ళే ఆవిడ పరిస్థితీ ఇంతే. ఇంట్లో అత్తగారిని ఎవరికి అప్పజెప్పాలి, పాలవాడికి ఏం చెప్పాలి, మిరపకోతల టైముకి తిరిగి రాగలనా అన్న లెక్కలన్నీ తేలాక మిగిలినవి ఆ పది రోజులు. ఈ యాత్ర పొట్టిదయ్యింది ఆమె చూపు పొట్టిదై కాదు. ఆమెకి దొరికిన సెలవు అంతే.

సూసన్ సోంటాగ్ 1977లో వచ్చిన తన ఫోటోగ్రఫీ పుస్తకంలో ఒక మాట అంటుంది. పనికి అలవాటుపడ్డ సమాజాల మనుషులు సెలవులో చేతిలో పని లేక ఇబ్బంది పడతారు, కెమెరా వాళ్ళకి పనిలాంటిది ఒకటి ఇస్తుంది అని. ఆమె చెప్పింది జర్మన్ల గురించి, జపాన్ వాళ్ళ గురించి, అమెరికన్ల గురించి. ఇది చదివినప్పుడు నాకు మన గృహిణి గుర్తొచ్చింది. నలభై ఏళ్ళపాటు చేతులు ఖాళీగా ఉండని మనిషికి పారిస్ బెంచీ మీద రెండు గంటలు ఏ పనీ లేకుండా కూర్చోవటం ఎంత కొత్త! కానీ ఆ గంటలో కూడా కెమెరా భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉండేది. ఆమె చేతికిచ్చేది హ్యాండ్‌బ్యాగు, మంచినీళ్ళ సీసా, అందరి స్వెట్టర్లూ. అంటే ఫోటో తియ్యని ఆమె ఖాళీగా ఏమీ లేదు, సామాను కాస్తూనే ఉంది. సోంటాగ్ పరిశీలనకి ఈ సవరణ మన వైపు నుంచి చెయ్యాలి.

సెల్‌ఫోన్ వచ్చాక ఈ ఏర్పాటు కొంచెం కదిలింది. మా బంధువుల్లో, స్నేహితుల తల్లుల్లో కొందరు తాము తీసుకున్న ఫోటోలు నాకు చూపించారు. కొడుకు తీసిన వాటిలో ఈఫిల్ టవర్ నిండుగా ఉంది, ముందు చీర మీద కోటు, కాళ్ళకి బూట్లతో అమ్మ ఉంది. అమ్మ తీసిన వాటిలో ఉన్నవి వేరు. కూరగాయల అంగట్లో పచ్చిమిరపకాయల ధర రాసిన అట్టముక్క. ముందొకటి, వెనకొకటి పిల్లల సీట్లున్న సైకిలు తొక్కుతున్న తల్లి. కిటికీ బయట పూలకుండీలు. రెస్టారెంటులో ఒంటరిగా కూర్చుని, ఎవరికోసమూ చూడకుండా, నింపాదిగా భోంచేస్తున్న ఒక ముసలామె. ఈ చివరి ఫోటో తీసినావిడ నాతో అన్నది ఒకే మాట: "మనకి ఇట్టా కుదరదు గదమ్మా." ఇంట్లోవాళ్ళకి ఆ ఫోటోలు ఊసుపోక నొక్కినవి. నాకు మాత్రం అవి ఒక నగరం గురించి స్పష్టమైన వ్యాఖ్యానం. పచ్చిమిరప ధర చూసిన కళ్ళు మిరప పండే నేల నుంచి వెళ్ళిన కళ్ళు. పండించినవాడికి దక్కేదీ, అక్కడ అమ్మేదీ ఆమె పక్కపక్కన పెట్టి చూసింది. ఈ పోలిక గైడు చెప్పినవాటిలో లేదు.

ఈ చూపుకి మనకొక పూర్వీకురాలు ఉంది. పోతం జానకమ్మ 1870లలో భర్త రాఘవయ్యతో కలిసి ఇంగ్లండు వెళ్ళింది. లండన్, పారిస్ చూసింది. చూసింది తెలుగులో రాసింది. దాని ఇంగ్లీషు అనువాదం 1876లో మద్రాసులో పుస్తకంగా వచ్చింది. పేరు 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్'. ఆ పేరు దగ్గర ఆగాలి. పిక్చర్స్, అంటే చిత్రాలు. కొడాక్ కంపెనీ చేతిలో పట్టే కెమెరాని అమ్మటం మొదలుపెట్టింది 1888లో, కెమెరా పట్టుకుని షికారుకెళ్ళే 'కొడాక్ గర్ల్' బొమ్మని ప్రకటనల్లోకి తెచ్చింది 1893లో. దానికి పదిహేడేళ్ళ ముందే ఒక తెలుగు స్త్రీ పుస్తకం తన రాతని చిత్రాలని చెప్పుకుంది. అంటే తియ్యటం అనే క్రియని ఆమె మాటలతోనే పుచ్చుకుంది. చూడబడటానికి కాక చూడటానికి వెళ్ళిన మనిషిగా తనని నిలబెట్టుకుంది. మన సాహిత్య చరిత్రల్లో వీరాస్వామయ్యకి దొరికిన పేజీల్లో ఈమెకి దొరికినవి ఎన్ని? ఈ నేలతో సంబంధమున్న మరో పేరు నాయని కృష్ణకుమారి. నరసరావుపేటలో బడిచదువు చదివిన ఆమె 'కాశ్మీర దీపకళిక' అనే యాత్రా రచన చేసింది. జానపద గేయాల పరిశోధకురాలిగా ఆమెని తల్చుకున్నంతగా యాత్రికురాలిగా తల్చుకోం.

స్త్రీ కెమెరా పట్టినా చూపు ఆమె పేరు మీద నమోదవుతుందన్న భరోసా లేదు. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హొమాయ్ వ్యారావాలా (1913-2012) మొదట్లో తీసిన ఫోటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. అంతకు ముందు, 1892లో, రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీ. గోడల మధ్య స్త్రీలే స్త్రీల ఫోటోలు తీసుకున్న ఆ చోటు కూడా దీన్‌దయాళ్ స్టూడియోగానే చరిత్రలో మిగిలింది.

పేరు పోవటం గురించి పల్నాడుకి ఇంకా పాత అనుభవం ఉంది. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరాయి. 1858లో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి, మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరు, వాటిని ఒక్కొక్కటిగా ఫోటోలు తీశాడు. ఆ సంపుటికి పెట్టిన పేరు 'ఎలియట్ మార్బుల్స్'. తర్వాతి ఏడాది శిల్పాలు ఓడెక్కి లండన్ వెళ్ళాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. నిజానికవి చలువరాళ్ళు కావు, మన పల్నాటి సున్నపురాయి. వాటి మీద బ్రాహ్మీలో దాతల పేర్లున్నాయి. వాళ్ళలో భిక్షుణులున్నారు, గృహిణులున్నారు, తల్లులూ కూతుళ్ళూ ఉన్నారు. మాచర్ల పక్కన నాగార్జునకొండలో మహాచైత్యానికి ప్రధాన దాత ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది ఉపాసిక బోధిసిరి. తమ పేరు రాతిమీద చెక్కించుకున్న స్త్రీల సంప్రదాయం ఈ నేలది. ఫోటో ఆల్బమ్‌లోకి ఎక్కేసరికి ఆ రాళ్ళు ఎలియట్ అనే అధికారివి అయ్యాయి.

ఇవాళ టూరు బస్సు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ముందు ఆగితే మనవాళ్ళకి దొరికేది గంటో గంటన్నరో. ఈజిప్టు మమ్మీల దగ్గర ఆ టైము అయిపోతుంది. అద్దాల గదిలో అమరావతి శిల్పాలు ఉన్నాయని గైడు చెప్పడు. పల్నాటి స్త్రీ, పల్నాటి రాయి ఒకే కప్పు కింద ఉండి కూడా కలుసుకోకుండా వెనక్కి వస్తారు. పొట్టి యాత్రలో నిజమైన నష్టం ఇదీ. అక్కడ ఏముందో, అది అక్కడికి ఎలా చేరిందో ఆమెకి ముందే తెలిసుంటే ఆ గంట చాలు. తెలియకపోతే పదిహేను నెలలైనా చాలవు. ఆ తెలియచెప్పే పని మన పరిశోధకులది, మన పత్రికలది.

ఇంతవరకూ చెప్పింది సగమే. కెమెరా మన చేతికొచ్చినంత మాత్రాన చూపు న్యాయమైనదైపోదు. పారిస్‌లో బస్సు దిగేముందు గైడు చేసే హెచ్చరిక ఒకటుంది: జిప్సీలొస్తారు, బ్యాగులు జాగ్రత్త. రోమా స్త్రీలని మనవాళ్ళు దూరం నుంచి ఫోటోలు తీసుకుంటారు, దగ్గరికొస్తే తప్పుకుంటారు. ఆ రోమా ప్రజల భాష మన దేశపు భాషల కుటుంబానిది. వాళ్ళ పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ క్రితం ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు. ఆ హెచ్చరిక మనకి కొత్తదీ కాదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ళని స్టూవర్టుపురంలో పెట్టి కాపలా కాసిన చరిత్ర మన పాత గుంటూరు జిల్లాది. 1952లో ఆ చట్టం పోయింది, అనుమానపు చూపు పోలేదు. నాగార్జునసాగర్ చూడటానికి వచ్చేవాళ్ళు లంబాడీ స్త్రీని అద్దాల రవిక కోసం ఆపి ఫోటో తీస్తారు. పేరు అడగరు. ఆమెకి ఆ ఫోటో ఎప్పటికీ చేరదు. పాస్‌పోర్టున్న మన కులాల స్త్రీ ఐరోపాలో తనని వింతగా చూస్తే నొచ్చుకుంటుంది. అదే స్త్రీ సాగర్ గట్టు మీద తీసేవాళ్ళ వైపు నిలబడుతుంది. మిరపకోతకి వెళ్ళే దళిత స్త్రీకి పది రోజుల సెలవు ఎక్కడైనా దొరుకుతుందా అన్న ప్రశ్న ఈ వ్యాసం మొదట్లో వేసిన సెలవు లెక్కలోకి వచ్చి తీరాలి.

కాబట్టి ఈ పొట్టి యాత్రల్ని చదవటానికి విమర్శకి కొత్త ప్రశ్నలు కావాలి. ఎన్ని రోజులు తిరిగావు అని కాదు. ఆ రోజులు ఎవరి శ్రమ మీద దొరికాయి, ఫోటో ఎవరు తీశారు, ఎవరు దిగారు, దిగినవాళ్ళని అడిగారా, వాళ్ళ పేరు రాశారా? యూనివర్సిటీల్లో స్త్రీల డైరీలూ ఉత్తరాలూ పరిశోధనకి ఎక్కినట్టే ఈ ఫోన్లలోని ఫోటోలూ ఎక్కాలి. ఫోన్ పాడైతే అవి పోతాయి. అమ్మలు ఇంకా మన మధ్యే ఉన్నారు. పక్కన కూర్చుని ఒక్కో ఫోటోకి ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు తీశావని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి, కింద వాళ్ళ పేరు పెట్టే పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.