చవక చాకులో ఉక్కు సంగతి

చవక మడత చాకుల మీద తరచుగా కనిపించే ముద్ర 8సీఆర్13ఎంవోవీ. ఇది చైనా ఉక్కు. పాళ్లు పేరులోనే ఉన్నాయి: కార్బన్ సుమారు 0.8 శాతం, క్రోమియం 13 శాతం. గట్టిదనం కార్బన్ వల్ల వస్తుంది, తుప్పును క్రోమియం అడ్డుకుంటుంది. డీ2 ఉక్కులో కార్బన్ 1.5 శాతం దాకా ఉంటుంది కాబట్టి పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే అందులోని క్రోమియం చాలావరకు కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా మారిపోవడంతో తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. ఉప్పుగాలి తగిలే కోస్తా ఊళ్లలో దాన్ని తుడిచి నూనె రాయాల్సిందే. ఉత్త ‘440’ అన్న ముద్ర ఏమీ చెప్పనట్టే. 440ఏలో కార్బన్ 0.75 శాతం దాటదు, 440సీలో 1.2 దాకా వెళుతుంది. ‘సర్జికల్ స్టీల్’ అన్న మాట మరీ డొల్ల.

పాళ్లు బాగున్నంత మాత్రాన చాకు బాగుండదు. స్టెయిన్‌లెస్ ఉక్కును వెయ్యి డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడిలో కాల్చి, వేగంగా చల్లార్చి, మళ్లీ తక్కువ వేడి పెట్టి పెళుసుదనం తీస్తారు. మొదటి వేడి చాలకపోతే వాదర మడత పడుతుంది. చివరిది చాలకపోతే పెచ్చులు ఊడుతుంది. చవక సరుకులో మోసం జరిగేది ఎక్కువగా ఇక్కడే, కంటికి కనిపించని చోట. గట్టిదనాన్ని రాక్‌వెల్ సీ కొలతలో చెబుతారు. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చాకులు 56 దగ్గర ఉంటాయి. పదును త్వరగా పోతుంది, సానరాయి మీద అంతే త్వరగా వస్తుంది. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్ స్టెయిన్‌లెస్ చాకుల్లోని స్వీడన్ ఉక్కు 12సీ27లో కార్బన్ 0.6 శాతమే. అంకెల్లో డీ2 ముందు తేలిపోతుంది. కానీ అలుగు పలచన కావడంతో పండయినా తాడయినా ఇట్టే కోస్తుంది. మందపాటి అలుగుకు ఎంత ఖరీదైన ఉక్కు వాడినా ఆ చురుకు రాదు.

అయస్కాంతం అంటుకుంటే నాసిరకమన్న నమ్మకం తప్పు. గట్టిపరిచిన కత్తి ఉక్కు, స్టెయిన్‌లెస్ అయినా సరే, అంటుకుంటుంది. కొత్త చాకుతో కాగితం కోస్తే తెలిసేది ఫ్యాక్టరీ పెట్టిన పదును మాత్రమే. కొన్ని అట్టపెట్టెలు కోశాక మళ్లీ కాగితం మీద చూడాలి. వాదరను దీపం కింద పడితే మొద్దుబారిన చోటల్లా మెరుస్తుంది. అయినా వెంటనే ఉక్కును తప్పు పట్టకూడదు: యంత్రం మీద సాన పెట్టేటప్పుడు వాదర అంచు వేడెక్కి మెత్తబడి ఉండవచ్చు. రెండు మూడు సార్లు సానరాయి మీద నూరితే ఆ పొర పోతుంది. అప్పటికీ పదును నిలవకపోతే ఉక్కులోనో, దాన్ని కాల్చడంలోనో లోపం ఉన్నట్టే. ఎంత సాన పెట్టినా అది మారదు.