నల్లరాయి కేసు

చరిత్రలో నిజంగా బతికిన మనిషిని డిటెక్టివ్‌గా పెట్టి నవల రాయడం కత్తి మీద సాము. కొమ్మూరి సాంబశివరావు తన యుగంధర్‌ని ఏ ఊరికైనా పంపగలిగారు. ఆస్కార్ వైల్డ్‌ని అలా పంపలేం, ఆయన ఏ రోజు ఎక్కడున్నారో చరిత్రకు తెలుసు. 1889 ఆగస్టు 30న లండన్ లాంగమ్ హోటల్లో వైల్డ్, కానన్ డాయిల్ ఒకే విందుకు వచ్చారు. ఆ పరిచయాన్ని ఆధారం చేసుకుని జైల్స్ బ్రాండ్రెత్ 2007 నుంచి వరసగా నవలలు రాశారు. వాటిలో హంతకులను పట్టుకునేది వైల్డే. విందు నిజం కాబట్టి హత్యలనూ నమ్మేస్తాం.

కూసుమంచిలో కూర్చుని ఇలాంటివి చదివినప్పుడల్లా ఖమ్మం అవతలి ఇల్లందు మీదికి మనసు పోతుంది. విక్టోరియా రాణి కాలంలోనే, 1871లో, జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ అక్కడ బొగ్గు కనిపెట్టారు. సింగరేణి గనుల్లో కింగ్ సీమ్ అనే బొగ్గు పొర ఆయన పేరు మీదే ఉంది.

భూగర్భ శాస్త్రవేత్త పనే సగం డిటెక్టివ్ పని. వాగులో దొరికిన బొగ్గు ముక్క అంచులు అరిగి నున్నగా ఉంటే, అది దూరం నుంచి కొట్టుకొచ్చింది. అంచులు పదునుగా ఉంటే పొర దగ్గర్లోనే ఉంది. అలా ముక్కల జాడ పట్టుకుని వాగుకు ఎదురు నడవాలి. నవలలో ఒక అధ్యాయానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే భద్రాచలం వెళ్లే యాత్రికులు వంటకు పొయ్యిరాళ్లుగా పెట్టిన నల్లరాళ్లు అంటుకున్నాయనీ, సంగతి అలా బయటపడిందనీ మన దగ్గర చెప్పుకుంటారు. ఆ యాత్రికుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. రచయితకు స్వేచ్ఛ దొరికేది అక్కడే. కింగ్ విషయంలో తేదీ జరపకూడదు, ఆయన చేయని నేరం అంటగట్టకూడదు. 1886లో గనుల హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ విషయంలోనూ అంతే. ఆ పొయ్యి వెలిగించిన పేరు లేని యాత్రికురాలికి మాత్రం ఊరూ, మాటా, తెలివీ అన్నీ మనమే ఇవ్వొచ్చు.

అలాంటి నవల తెలుగులో రావాలని నా కోరిక. అందులో కింగ్‌తో పాటు ఆ పొయ్యి వెలిగించిన మనిషి కూడా డిటెక్టివే కావాలి. మొదటి ఆధారం దొరికింది ఆమెకే కదా.