భయం వేరు, సిగ్గు వేరు: ఆడ్రీ లార్డ్ 'ది క్యాన్సర్ జర్నల్స్' – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

రొమ్ము క్యాన్సర్ బారిన పడిన స్త్రీ మానసికంగా రెండు బరువులు మోస్తుంది. ఒకటి మరణభయం, రెండోది మారిన శరీరాన్ని గురించిన సిగ్గు. మొదటిది వ్యాధి తెచ్చేది, రెండోది సమాజం మోపేది. అమెరికన్ నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1980లో ప్రచురించిన 'ది క్యాన్సర్ జర్నల్స్' ఈ రెంటినీ విడదీసి చూపిన రచన. సుసాన్ సోంటాగ్ ఆలోచనలతోనూ, తెలుగు స్త్రీవాద కవిత్వంతోనూ పోల్చి ఆ రచనను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యాధి అనుభవ కథనం, రొమ్ము క్యాన్సర్, రూపకం, స్త్రీవాదం, పైట.

1. ప్రవేశిక:

పెద్ద వ్యాధులను నేరుగా పేరుపెట్టి పిలవడానికి మన సమాజం జంకింది. మశూచిని 'అమ్మవారు' అన్నారు, కుష్ఠును 'పెద్దరోగం' అన్నారు. క్షయకు 'రాజయక్ష్మ' అని పేరు. రోహిణి ఒక్కదానినే ఆదరించి తక్కిన భార్యలను ఉపేక్షించిన చంద్రుడికి దక్షుని శాపంవల్ల అది సోకిందని మహాభారత శల్యపర్వ కథ. వ్యాధి ఉందంటే దాని వెనుక ఏదో తప్పు ఉంటుందనే ఊహ అందులో ఉంది. క్యాన్సర్ ఇప్పటికీ చాలా ఇళ్లలో 'ఆ జబ్బు' మాత్రమే. 'ప్రేమాభిషేకం' (1981) వంటి సినిమాలో అది నాయకుని త్యాగానికి సాధనమైంది. పత్రికల భాషలో బతికినవారు 'క్యాన్సర్‌ను జయించినవారు', మరణించినవారు 'పోరాడి ఓడినవారు'.

మా బంధువుల్లో ఒకామెకు రొమ్ము తొలగించిన తర్వాత, చూడవచ్చిన ప్రతివారూ "ధైర్యంగా ఉండు" అన్నారు. భయంగా ఉందని చెప్పుకోవడానికి ఆమెకు ఒక్కరూ దొరకలేదు. మనోవ్యాధికి మందు లేదంటారు. కానీ ఆ వ్యాధిలో కొంత భాగం మన ఓదార్పు నుంచే పుడుతున్నదా అన్న ప్రశ్న ఈ పరిశీలనకు ప్రేరణ.

2. సోంటాగ్, లార్డ్ – రెండు మార్గాలు:

సుసాన్ సోంటాగ్‌కు 1975లో రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. 1978లో వెలువడిన 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' గ్రంథంలో ఆమె క్షయ, క్యాన్సర్ల చుట్టూ అల్లుకొన్న రూపకాలను విశ్లేషించారు. క్యాన్సర్‌ను యుద్ధంగా వర్ణించడాన్నీ, మనసులో ఉద్వేగాలను అణచుకొన్నవారికే అది వస్తుందనే వాదాన్నీ ఖండించారు. వ్యాధిని వ్యాధిగానే చూడాలన్నది ఆమె సిద్ధాంతం. అయితే ఆ గ్రంథంలో తన వ్యాధిని ఆమె ఎక్కడా ప్రస్తావించలేదు.

అదే 1978లో లార్డ్‌కు కుడి రొమ్ము తొలగించారు. ఆమె ఎంచుకొన్న పద్ధతి వేరు. 'ది క్యాన్సర్ జర్నల్స్'లో డైరీ నమోదులు, ప్రసంగం, విశ్లేషణ కలిసి ఉంటాయి. శస్త్రచికిత్స జరిగి నెలలు గడిచాక రాసుకొన్న నమోదుల్లోనూ నిస్పృహ, కోపం, అలసట కనిపిస్తాయి. వాటిని ఆమె తొలగించలేదు. కోలుకోవడం మెట్టు తర్వాత మెట్టుగా సాగదని ఆ నిర్మాణమే తెలియజేస్తుంది.

సోంటాగ్ కాదన్న యుద్ధ రూపకాన్ని లార్డ్ ఇష్టపూర్వకంగా స్వీకరించారు. విల్లు పట్టడానికి ఒక రొమ్మును తొలగించుకొన్నారని చెప్పే అమెజాన్ యోధురాళ్ల గాథను గుర్తుచేసుకొన్నారు. ఇది పైకి వైరుధ్యంగా కనిపించినా, రోగిని 'యోధురాలు' అని ఇతరులు నిర్ణయించడానికీ, రోగి తనకు తానుగా ఆ పేరు ఎంచుకోవడానికీ భేదం ఉంది. రూపకం ఉండాలా వద్దా అన్నదానికంటే దాన్ని ఎవరు ఎంచుకొన్నారన్నదే ఇక్కడ ముఖ్యం.

3. కృత్రిమ స్తనం – ఎవరి ఓదార్పు?

ఆసుపత్రిలో ఉన్న లార్డ్ దగ్గరకు ఒక స్వచ్ఛంద కార్యకర్త వచ్చి, పెట్టుకొంటే తేడా ఎవరికీ తెలియదంటూ లేత గులాబీరంగు మెత్తను ఇస్తుంది. ఆ రంగు లార్డ్ చర్మానిది కాదు. 'మామూలు శరీరం' అంటే తెల్లజాతి శరీరమేనన్న భావన ఆ చిన్న వస్తువులో బయటపడింది. శస్త్రచికిత్స జరిగిన పది రోజులకు, ఒక చెవికి మాత్రమే లోలాకు పెట్టుకొని ఉత్సాహంగా వైద్యుని దగ్గరకు వెళ్తే, అది పెట్టుకోకుండా వస్తే ఇక్కడివారి మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు మందలిస్తుంది. కన్ను పోయిన ఇజ్రాయెల్ నాయకుడు మోషే దయాన్‌ను గాజుకన్ను పెట్టుకొమ్మని ఎవరూ అడగలేదు కదా అని లార్డ్ ప్రశ్నిస్తారు. గాయం పురుషుడికి గౌరవచిహ్నం, స్త్రీకి దాచవలసిన లోపం. నర్సు మాటలో ఓదార్పు రోగికోసం కాదు, చూసేవారి సౌకర్యం కోసం.

4. పైట – తెలుగు సందర్భం:

తెలుగు స్త్రీవాద కవిత్వంలో జయప్రభ 'పైటను తగలెయ్యాలి' పైటను స్త్రీకి సిగ్గు నేర్పే సాధనంగా గుర్తించింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' ప్రసవ బాధను కవితావస్తువు చేసింది. ఈ నేపథ్యంలో లార్డ్‌ను చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. రొమ్ము ఉన్నప్పుడు కప్పుకోవాలన్నది పైట ఆజ్ఞ. పోయిన తర్వాత ఉన్నట్లే కనిపించాలన్నది కృత్రిమ స్తనం ఆజ్ఞ. రెండూ పరస్పర విరుద్ధంగా తోచినా, రెంటికీ కొలత చూసేవారి కన్నే. కాబట్టి వ్యాధి తర్వాత కలిగే సిగ్గు వ్యాధితో పుట్టింది కాదు, ఎన్నో ఏళ్ల ముందే నేర్పినది.

5. పరిమితి:

కృత్రిమ స్తనాన్ని ఎంచుకొన్న స్త్రీలను తప్పుపట్టనని లార్డ్ అంటారు. వారిదీ మరో రకమైన ధైర్యమేనని ఒప్పుకొంటారు. అయినా ఆ మార్గాన్ని మౌనానికీ, అదృశ్యతకూ ముడిపెట్టడంతో ఒక తీర్పు ధ్వనిస్తుంది. రోజూ కిక్కిరిసిన బస్సులో ఉద్యోగానికి వెళ్లే స్త్రీకి అది అనవసరమైన చూపుల నుంచి రక్షణ కావచ్చు. చెప్పుకొనే హక్కు ఎంత విలువైనదో, చెప్పుకోకుండా ఉండే హక్కూ అంతే విలువైనది. లార్డ్ వాదాన్ని మన సమాజానికి అన్వయించేటప్పుడు ఈ సవరణ అవసరం.

6. ముగింపు:

1. లార్డ్ రచన పాఠకురాలికి ధైర్యం బోధించదు, భయాన్ని చెప్పుకోవడానికి భాషను ఇస్తుంది.
2. మరణభయాన్ని తీసివేయడం ఎవరి చేతిలోనూ లేదు. సిగ్గును మోపకుండా ఉండడం మాత్రం మన చేతిలో ఉంది.
3. 1984లో లార్డ్‌కు క్యాన్సర్ కాలేయానికి వ్యాపించింది, 1992లో ఆమె మరణించారు. గెలుపోటముల భాషలో ఆమె 'ఓడిపోయినవారు' అవుతారు. ఆ కొలత ఎంత అన్యాయమైనదో చెప్పడానికి చివరివరకూ ఆగని ఆమె రచనలే చాలు.
4. ప్రసవాన్నీ, పైటనూ చర్చించిన తెలుగు విమర్శ వ్యాధిగ్రస్త శరీరాన్ని కూడా పరిశోధనాంశంగా స్వీకరించాలి. అందుకు తొలి మెట్టు "ధైర్యంగా ఉండు" అనడానికి ముందు "ఎలా ఉంది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేవరకు వినడం.