మట్టియిండ్ల ఛాయాగ్రాహకుడు

ఛాయాగ్రాహకుని వృత్తిని మనము సామాన్యముగా పెండ్లిపందిళ్లలోనే స్మరింతుము గాని, ఒక సీమ చరిత్రమంతయు అతని గాజుపలకలలో నిలిచియుండుట గలదని అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రము చాటుచున్నది. సాలమన్ బుచర్ అనునతడు కస్టర్ కౌంటీ చరిత్రమును సచిత్రముగా వ్రాయ సంకల్పించి, 1886 మొదలుకొని పరికరములను గుఱ్ఱపుబండిపై వేసికొని, కలప దొరకని యా మైదానములందు గడ్డివేళ్లతో బిగిసిన మట్టిపెళ్లలను పేర్చి, మన రాయలసీమ మట్టిమిద్దెలను తలపించు నిండ్లు గట్టుకొన్న రైతుల వాకిండ్లకు బోయి, పిల్లాజెల్లలతో, గొడ్డుగోదలతో వారిని ఎండలో నిలిపి బొమ్మలు దీసెను.

ఒక గృహిణి, తూర్పు రాష్ట్రములందలి తనవారు మట్టియిల్లు చూతురేమోయని సిగ్గుపడి, ఇంటిలోని ఆర్గన్ వాద్యమును ఆరుబయటికి మోయించి, దాని చెంతనే కుటుంబమును నిలిపించినది. ఆ చిత్రమున ఇల్లు గానరాదు, ఆమె యభిమానము మాత్రము స్పష్టముగా గానవచ్చును.

1899లో బుచర్ ఇల్లు దగ్ధమై వ్రాతప్రతులు బూడిదయైనను, ధాన్యపుకొట్టులో నుంచిన పలకలు దక్కినవి. 1901లో గ్రంథము వెలువడినది. 1912లో ఆ పలకలు రాష్ట్ర చరిత్ర సంఘమునకు జేరినవి. నేడు వానిని స్కానర్లతో పరిశీలింపగా, చీకటిగా దోచిన ద్వారములలోని గృహోపకరణములు సైతము బయల్పడుచున్నవి.

ఎదుట నిలిచినవారిని వారు కోరినట్లు నిలువనిచ్చుటయే ఈ వృత్తి మర్యాద; ఆ మర్యాదవలననే బుచర్ చిత్రములు కేవలము ముఖములను గాక, ఆ జనుల మనోరథములను గూడ మనకు దెలుపుచున్నవి.